మోకు మీద మనిషి

బావి గోడ రెండోసారి రాలింది. అడుగున లేవీ అరిచాడు.

యాభై రెండు నాటి కరువులో కోయిలకుంట్ల దగ్గరి ఆ ఎండిన బావిని ఇంకా లోతు తవ్వడానికి దిగిన మనిషి అతను. మొదటిసారి రాలిన రాయి అతని కాలు విరిచింది. ఎక్కి రాలేడు. పైన అతని భార్య రత్నమణి, ఎద్దుల కపిల తోలే తిమ్మయ్య తప్ప కేకేస్తే పలికేవాళ్ళు లేరు.

తిమ్మయ్య ఎద్దులను కట్టాడు. నీళ్ళు తోడే ఇనుప బానను గిలక మీదుగా దించాడు. బానకు కట్టిన మోకు తాడు చాలక ఎద్దుల వైపు ఇంకో ముక్క ముడేశాడు.

"బానలో కూచోప్పా లేవీ. నిండు బాన లాగే ఎద్దులకు నువ్వొక లెక్కా? పిందె బరువు!"

"నవ్వించొద్దు తిమ్మన్నా, ప్రాణం పోతాండాది."

"అన్నా, బిర్నా తోలు! గోడ మళ్ళా కదులుతాండాది," అంది రత్నమణి.

తిమ్మయ్య బావికి వీపు పెట్టి, ఎప్పటిలాగే మోకు మీద కూర్చున్నాడు. తోలేవాడి బరువు తోడైతే ఎద్దులకు లాగుడు తేలిక. అవి బావి నుంచి దూరంగా ఏటవాలు బాటలో కిందికి నడిచాయి. బాన లేచింది.

బాట చివర వచ్చింది. రోజూ అయితే అక్కడ బాన ఒడ్డుకు చేరి నీళ్ళు వాటంతట అవే ఒలికిపోతాయి. తోలేవాడు మోకు దిగుతాడు. దిగగానే ఎద్దులు వెనక్కి నడుస్తాయి. ఏళ్ళ తరబడి అలవాటు. తిమ్మయ్య దిగేశాడు.

బావి లోతు పెరిగింది గానీ బాట పొడుగు పెరగలేదు. బాన ఇంకా ఒడ్డుకు నిలువెత్తు కిందే ఉంది. లేవీ బాన అంచు మీద ఒంటికాలిపై లేచి, మోకు వదిలి చేతులు పైకి చాచాడు. రత్నమణి బోర్లా పడుకొని అతని మణికట్లు దొరకబుచ్చుకుంది. అప్పుడే ఎద్దులు వెనకడుగు వేశాయి. బాన అతని కాలి కింద నుంచి జారిపోయింది.

అంతవరకు రెండు ఎద్దులు మోసిన బరువు ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది.

"అన్నా, బాన! జారతాండాడు!"

తిమ్మయ్య ముకుతాళ్ళు పట్టి ఎద్దులను ఆపాడు. మోకు మీదికి దూకి తోకలు మెలిపెట్టాడు. బాన మళ్ళీ లేస్తోంది. ఖాళీ బాన, తేలిక మోకు. లేవీ కాలు బానలో ఆనితే చాలు, తిమ్మయ్య తొడల కింద మోకు బిగుసుకుంటుంది. ఆ బిగువు కోసం కాచుకున్నాడు.

ఎద్దులు బాట చివర ఆగాయి. ఈసారి అతను దిగలేదు. వెనక రత్నమణి గొంతు వినిపించడం లేదు.

మోకు తేలిగ్గానే ఉంది.