ఒకరోజు ముందు పలికే చెయ్యి

పొద్దున్నే గది తాళం తీయగానే రూతు చేసే మొదటి పని, ఆస్పత్రి వెనక గోడవారగా ఉన్న ఎర్తు గుంతలో ఒక బిందె నీళ్ళు పోయడం. నరాల పరీక్ష యంత్రం తీగ ఒకటి ఆ గుంతలోకి దిగుతుంది. గుంత ఎండిందంటే యంత్రానికి పిచ్చి పడుతుంది, కరెంటు గురగుర తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ రెండువేల మూడు ఎండాకాలంలో అనంతపురంలో కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. తాగను నీళ్ళు లేకుంటే ఈ పిల్ల మంటికి పోస్తాందని ఆయాలు సణిగేవాళ్ళు. రూతు చెవిన వేసుకునేది కాదు. ఆరేళ్ళుగా ఆ గుంతకు రోజూ తలంటు పోస్తున్నది ఆమే.

తర్వాత ఫ్యాను ఆపాలి, ట్యూబులైటు ఆపాలి, లేకుంటే వాటి రొద కూడా యంత్రంలోకి వస్తుంది. అనంతపురం మే నెలలో ఫ్యాను లేని గదిలో పడుకోబెడితే రోగికి చెమట, రోగి కన్నా ముందు రూతుకు చెమట. చేతికి స్పిరిటు రుద్ది, గుజ్జు పూసి, చిన్న చిన్న బిళ్ళలు అతికిస్తుంది. కండ పనిచేస్తే అందులో పుట్టే రవ్వంత కరెంటు ఆ బిళ్ళలకు అందుతుంది. తెర మీద గీత ఎగురుతుంది, పక్కనున్న స్పీకర్ పలుకుతుంది. ఊరకున్న కండ మూగగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే రేకుల కప్పు మీద వడగళ్ళు రాలినట్టు చప్పుడు. నరం నలిగిన చెయ్యయితే ఆ చప్పుడు పలచబడి, దబ్బు దబ్బుమని ఒక్కొక్కటే వస్తుంది.

రూతుకు తెర చూడాల్సిన పని లేదు. చెవితోనే చెప్పేసేది. కళ్ళు మూసుకుని విని, ఈయన కత్తెర పట్టే మనిషి, ఈమె విసుర్రాయి తిప్పే మనిషి అని డాక్టర్ శ్రీరంగప్పతో టీ పందెం వేసి గెలిచేది. ఆ సంగతిలో ఆమెకు కాస్త గీర కూడా ఉండేది, ఉండదా మరి.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు బెళుగుప్ప అవతలి పల్లె నుంచి సుంకమ్మ అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఇంట్లో తానూ మొగుడూ ఇద్దరే. ముప్పై ఏళ్ళు తలమీద రాళ్ళ గంపలు మోసి మోసి మెడ దగ్గర నరం నలిగిందని డాక్టర్ అనుమానం. కుడిచేతిలో పట్టు తప్పుతోంది, చెంబు పట్టుకుంటే చెంబు జారిపోతోంది. రూతు బిళ్ళలు అతికించి, "చెయ్యి వదులుగా పెట్టు పెద్దమ్మా, ఏం చెయ్యాకు" అంది.

సుంకమ్మ చెయ్యి తెల్లదుప్పటి మీద వెల్లకిలా, కదలకుండా ఉంది. స్పీకర్ మాత్రం టక, టకటక, టక, టకటక అని పలికింది.

"ఇప్పుడు పిడికిలి బిగించు."

సుంకమ్మ పళ్ళు కొరికి బిగించింది. వేలి కణుపులు తెల్లబడ్డాయి. గీత నిండు చెరువులా నిమ్మళంగా సాగిపోయింది, చప్పుడన్నదే లేదు.

రూతు తీగలన్నీ చూసింది, గుంతలో ఇంకో చెంబు నీళ్ళు పోసొచ్చింది. మళ్ళీ అంతే. డాక్టర్‌ని పిలిచింది. ఆయన వచ్చి, రెండు నిమిషాలు విని, జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

"కొందరికి ముందొస్తాదిలే. మడకశిర నుంచి ఒక దర్జీ వస్తాండె, ఆయప్పకు రెండు గంటలు ముందొచ్చేది. ఈమెకెంత ముందో కనుక్కోని రాయి. ఈ పిడికిలి చప్పుడు ఎప్పుడో వచ్చి పోయుంటాది" అని ఇంకో రోగి దగ్గరకి వెళ్ళిపోయాడు.

సుంకమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అందుకేనేమో పాపా, పని మొదులు పెట్టకముందే నాకు అలుపొచ్చేది" అంది.

బుధవారం మళ్ళీ రమ్మంటే, పక్కింటి మారెక్కను తోడు తీసుకుని వచ్చింది. నిన్న పదకొండు గంటలప్పుడు ఏం పని చేసినావని రూతు అడిగింది. ఇత్తనాలకు చెనిక్కాయలు కొడతాంటిమని ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. వేరుశనగ కాయను రాయికేసి ఒక దెబ్బ, రెండు గింజలు వలిచే రెండు చిన్న కదలికలు. టక, టకటక. సరిగ్గా సరిపోయింది. రిపోర్టులో 'ఆలస్యం' అని అచ్చేసి ఉన్న గడిలో ఆ మాట కొట్టేసి, 'ముందు, ఒక రోజు' అని రాసింది.

ఆమె రాగానే అతికించిన బిళ్ళలు ఇంకా తీయలేదు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై అవుతుండగా స్పీకర్ ఒక్కసారిగా గోలపెట్టింది.

వడగళ్ళే. అంత పెద్ద చప్పుడు ఆ నలిగిన చేతిలో ఉందని రూతు కలలో కూడా అనుకోలేదు. పిడికిలి, ఉన్న బలమంతా పెట్టి బిగించిన పిడికిలి. సుంకమ్మ చెయ్యి చూస్తే దుప్పటి మీద తెరుచుకునే ఉంది, ఈగ వాలినా తోలడం లేదు. మొదటి నిమిషం అలాగే మోగింది. రెండో నిమిషంలో చప్పుడు లావైంది, కండ అలిసిపోయే గుర్తు అది. మూడో నిమిషంలో పలచబడింది. ఆ తర్వాత దబ్బు... దబ్బు... ఒక్కొక్కటే. నాలుగో నిమిషం నిండుతుండగా ఆఖరుది ఒకటి వచ్చి ఆగిపోయింది.

మనిషి తనంతట తాను పిడికిలి వదిలితే చప్పుడు టక్కున తెగుతుంది. ఇది తెగలేదు, అరిగిపోయింది. వదలకూడదని చూసి చూసి, చేతకాక వదిలిన చెయ్యి అది.

"రేపు ఏం పనుంది పెద్దమ్మా?"

"ఊరి బాయిలో ఒండ్రు తీసేది ఉండాది. మా ఇంటాయన తిప్పయ్య లోపలికి దిగుతాడు. మేము గట్టు మీద నిలబడి గంపలు లాగేది. బోర్లన్నీ ఎండిపాయె, ఊరంతా ఆ బాయినే నమ్ముకోని ఉండాది."

"ఎంత లోతు?"

"అరవై అడుగులు. అడుగునంతా రాళ్ళే."

రూతు డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు. సుంకమ్మ కాలు జారి బావిలో పడబోతుంది, తాడు పట్టుకుని వేలాడుతుంది, నాలుగు నిమిషాలకు పట్టు జారుతుంది. అయితే ఆమెను ఆ గట్టు మీదికి పోనివ్వకుంటే సరి. డాక్టర్ ఆమెను ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నాడు. సుంకమ్మ రేపు రాదని, తాడుకు ఇంకెవరినన్నా పెట్టుకోమని మారెక్కతో కబురు పంపారు. ఒక నిండు ప్రాణం నిలబెట్టిన సంతోషంతో రూతు ఆ సాయంత్రం ఇంటికి పోయింది. నాయన యేసన్నతో చెప్పి ప్రార్థనలో సుంకమ్మ పేరు కూడా చేర్పించింది. గీర అన్నాను కదా, అది ఆరోజు ఇంకాస్త పెరిగింది.

గురువారం పదకొండు గంటలకు, ఆ గండం గడిచేదాకా కళ్ళెదుటే ఉంటుందని సుంకమ్మను మళ్ళీ గదిలో పడుకోబెట్టింది. ఊరికే ఉండటమెందుకని బిళ్ళలు అతికించి యంత్రం వేసింది. ఈసారి మోచేతికి పైన కూడా రెండు పెట్టింది.

శుక్రవారం నాటి చెయ్యి పలకడం మొదలుపెట్టింది. దమ్మని ఒక దెబ్బ. కాసేపు ఆగి మళ్ళీ దమ్మని ఇంకో దెబ్బ. చెయ్యి పైకి లేస్తోంది, పడుతోంది.

"రేపు బట్టలు ఉతుకుతావేమో పెద్దమ్మా" అంది రూతు నవ్వుతూ. శుక్రవారానికి మనిషి బతికే ఉంది, అంతకన్నా ఏం కావాలి.

సుంకమ్మ నవ్వలేదు. తల కొద్దిగా తిప్పి స్పీకర్ వైపు వింటోంది. "బట్టలుతికితే దెబ్బకూ దెబ్బకూ నడుమ గుడ్డ మడిచేది ఉంటాది. ఇది ఉతికేది కాదు పాపా. గుండెలు బాదుకునేది. మాయమ్మ పోయినప్పుడు బాదుకున్న్యా, నాకు తెలుసు."

ఫ్యాను ఆపిన ఆ గదిలో దమ్మని ఇంకో దెబ్బ పడింది. తాను చేసిన తప్పేమిటో రూతుకు అప్పుడు అర్థమైంది. వేలాడేది సుంకమ్మ కాదు. సుంకమ్మ గట్టు మీద తాడు పట్టుకుంటుంది, తాడుకు వేలాడేది తిప్పయ్య. ఆ నాలుగు నిమిషాలైనా ఆయన్ను ఆపగలిగే చేతిని తాను ఇక్కడ, అరవై కిలోమీటర్ల దూరంలో, తెల్లదుప్పటి మీద పడుకోబెట్టుకుంది.

పల్లెలో ఉన్న ఒకే ఒక్క ఫోను అంగట్లో ఉంది. రూతు రిసెప్షన్‌కి పరుగెత్తి మూడుసార్లు చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఊరంతా బావి దగ్గరే ఉంటుంది కదా. తిరిగొచ్చేసరికి పదకొండూ పందొమ్మిది.

"నేను పోవాల పాపా" అని సుంకమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఆడ తాడు పట్టను నేను లేను."

అంతలో ఆమె కుడిచెయ్యి దానంతటది మూసుకుంది.

ఏమీ లేని గాలిలో పిడికిలి బిగిసింది. చెయ్యి సాగి, బెళుగుప్ప దిక్కుకు తిరిగింది. భుజం కీలు కలుక్కుమంది. మంచం కిర్రుమంటూ జానెడు ముందుకు జరిగింది. యంత్రంలో ఆ పిడికిలి చప్పుడు లేదు, అది నిన్ననే వచ్చి పోయింది. పలుకుతున్నదల్లా రేపటి గుండెల మీది దెబ్బలే.

"వచ్చినాడు" అంది సుంకమ్మ పళ్ళ బిగువున. "నా చేతికే వచ్చినాడు."

రూతు కేకకు డాక్టర్ వచ్చి ఒక్క చూపు చూశాడు. ఏమీ అడగకుండా మంచం కాళ్ళ వైపుకు పోయి, పట్టీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. రూతు తన రెండు చేతులతో ఆ పిడికిలిని అదిమింది. పిడికిలి మీద వేసిన చేతికి బరువు తెలియలేదు, బరువంతా సుంకమ్మదే. వేళ్ళ సందుల్లోంచి సన్నగా నల్లటి ఒండ్రు నీళ్ళు కారి దుప్పటి మీద పడ్డాయి. మూడో నిమిషానికి చిటికెనవేలు లేచింది. దాని పక్క వేలు వణికింది.

"పోతాండాది పాపా, పట్టు పోతాండాది."

నలిగింది మెడ దగ్గర. అక్కడి నుంచి కిందికి కబురు రావడం లేదు, అంతే. కండ చావలేదు, మోచేతి దగ్గర నరం చావలేదు. రూతు షాకు కర్ర అందుకుంది. నరం ఎంత వడిగా పలుకుతుందో కొలవడానికి రోజూ ఒక్కొక్క షాకు ఇచ్చే కర్ర అది. మోచేతి మడతలో ఆనించి, మీట వరుస షాకుల మీదికి తిప్పింది. ఆ మీట మీద మగవాళ్ళు కూడా ఏడుస్తారు.

"నొప్పి పుడతాది పెద్దమ్మా."

"పుట్టనీ."

వేళ్ళు మళ్ళీ మూసుకున్నాయి. చిటికెనవేలు కూడా వచ్చి పడింది. సుంకమ్మ గొంతులో ఒక మూలుగు, అంతకుమించి నోరు విప్పలేదు. నాలుగు నిమిషాలు దాటింది. ఐదు దాటింది. షాకు తగ్గుతోందనుకుంటే సుంకమ్మే, "పెంచు" అనేది, రూతు ఏడుస్తూ పెంచేది. డాక్టర్ పాదాలు నేల మీద జారుతున్నాయి, ఆయన మంచం వదల్లేదు. స్పీకర్‌లో షాకుల చిటపటల నడుమ ఆ దెబ్బ వస్తూనే ఉంది.

తొమ్మిదో నిమిషంలో బరువు ఒక్కసారిగా పోయింది. మంచం వెనక్కి వచ్చి గోడకు కొట్టుకుంది. పిడికిలి తెరుచుకుంది. అరచేతిలో తాడు ఒరుసుకున్న ఎర్రటి వాత, అందులో రెండు కొబ్బరి పీచులు.

గట్టెక్కినాడా, తాడు తెగిందా, చేతికి తెలియదు. రెండింటికీ బరువు అలాగే పోతుంది. రూతు షాకు కర్ర పక్కన పెట్టింది. ముగ్గురూ స్పీకర్ వైపు చూస్తూ ఉండిపోయారు. అందులో చప్పుడే లేదు. దమ్మనే దెబ్బ కూడా రాలేదు. రేపటి చెయ్యి ఏమీ చేయకుండా ఊరకే పడి ఉంది, అది ఇంకా భయంగా ఉంది. నిమిషం గడిచింది. ఏసయ్యా అని రూతు మనసులో అనుకుంది, ఆపైన ఏమనాలో తోచలేదు.

అప్పుడు కొత్త చప్పుడు మొదలైంది. నిదానంగా, బరువుగా, గుండ్రంగా తిరిగొచ్చే చప్పుడు. ఒక చుట్టు తిరిగి, అడుగున ఒత్తి, మళ్ళీ చుట్టు. రూతుకు అది ఏం పనో చెప్పడం చేతకాలేదు. ఆరేళ్ళలో మొదటిసారి చెవి ఓడిపోయింది.

సుంకమ్మకు తెలిసింది. "పొయ్యి మీద సంగటి కెలుకుతాండా" అంది.

డాక్టర్ మంచం పట్టీ వదిలి స్టూలు మీద కూలబడ్డాడు. ఆయనది కూడా ఆ పక్క పల్లే. సావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టించరని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రూతుకు మాత్రం గుండె ఇంకా కుదురుకోలేదు, గట్టిగా ఇంకో మాట వినాలనిపించింది.

"ఎంతమందికి పెద్దమ్మా?"

సుంకమ్మ కళ్ళు మూసుకుని, కట్టె ఎంత బరువుగా తిరుగుతోందో కాసేపు విన్నది. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి, తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవలేదు.

"ఇద్దరికి" అంది.