గానుగెద్దు పరీక్ష

నేను ఒక తొట్టిని. గుండ్రంగా, మనిషి నడుమెత్తున ఉండే ఫైబర్ తొట్టిని. ప్రస్తుతం ఒక లేబు వెనక, విరిగిన కుర్చీల పక్కన, వానకు నిండుతూ ఎండకు ఎండుతూ పడి ఉన్నాను. నన్ను చూసి జాలిపడకండి. జాలిపడవలసిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన సంగతి చెప్పడానికే నోరు తెరిచాను. తొట్టికి నోరు తప్ప ఇంకేముంది గనక!

విశాఖపట్నంలో ఒక షెడ్డులో నన్ను రొయ్యపిల్లల కోసం తయారుచేశారు. భీమిలి వైపు ఒక హేచరీలో కొన్నాళ్లు వాటిని సాకాను. ఒక ఏడు తెగులు వచ్చి అన్నీ తెల్లబడి అడుక్కి చేరాయి. యజమాని నెత్తి కొట్టుకుని నన్ను అమ్మేశాడు. చావు చూడటం నాకు అక్కడే అలవాటైంది. ఆ తర్వాత చూసింది చావుకంటే చెడ్డది.

నన్ను కొన్నవారు ప్రొఫెసర్ గొర్లె అప్పలనరసయ్య గారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధనకని నన్ను తన లేబు నడుమ దింపించి, నా నిండా నీళ్లు పోయించి, తెల్లగా అయ్యేదాకా పాలపొడి కలిపించారు. లోపల ఒకచోట, నీటికి రెండు వేళ్ల కింద, చిన్న పీట పెట్టించారు. నీళ్లలో వదిలిన ఎలుకకు అది కనిపించదు. ఈదుతూ వెతుక్కుని ఎక్కాలి. ఆ లేబులో మనుషుల కాఫీకి పాలుండవు గానీ, ఎలుకలకు మాత్రం పాలస్నానం!

మామూలు ఎలుక గడుసుది. కిటికీ, క్యాలెండరు, బీరువా గుర్తు పెట్టుకుని, కొద్దిరోజులకే ఎక్కడ వదిలినా తిన్నగా పీట ఎక్కేసేది. కొన్ని ఎలుకలకు మాత్రం అప్పలనరసయ్య గారు మత్తిచ్చి, సన్నటి కత్తితో తల తెరిచి, మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగాన్ని పాడుచేసేవారు. చోటునూ దారినీ గుర్తుంచేది అదేనట. ఆ ఎలుకలు ఈత మరిచిపోలేదు, భయమూ మరిచిపోలేదు. చోటు మాత్రమే మరిచిపోయాయి. నా గోడను ఒరుసుకుంటూ చుట్టూ తిరిగేవి, తిరిగేవి. వాటి గోళ్ల గీతలు ఇంకా నా ఒంటిమీద ఉన్నాయి. టైం అయిపోతే ప్రొఫెసరుగారే చేత్తో తీసి పీటమీద పెట్టి, "అదిగో, సూసుకో తల్లీ," అనేవారు. అది చుట్టూ చూసేది. మర్నాడు మళ్లీ మొదటికే.

అయితే ఒక తమాషా ఉంది. రోజూ ఒకే వైపునుంచి వదిలితే, పాడైన ఎలుక కూడా ఎన్నాళ్లకో పీట చేరేది. బాగుపడిందని లేబులో చదువుకునే పిల్లలు సంబరపడితే ప్రొఫెసరుగారు నవ్వి, దాన్ని ఎదుటి వైపునుంచి వదలమనేవారు. అంతే, మళ్లీ గోడ పట్టేది.

"గానుగెద్దుకి దారి తెలుసంటారేటి ఎవరైనా? కాళ్లకి అలవాటు, అంతే," అనేవారు. లేబులో దానికి గానుగెద్దు పరీక్ష అని పేరే పడిపోయింది. ఆ పరీక్షకు ఎలుకలను వదిలే పని దీవెనది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి.

దసరా వచ్చింది. ఆయుధపూజకు గది కడిగి, ముందు గుమ్మానికి రంగు వేశారు. నాకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టారు. పని జరిగితే చాలు, మనుషులు దేనికైనా దణ్ణం పెడతారు. రంగు తడి ఆరలేదని ఆ రోజు అందరూ ఎదురుగా ఉన్న వెనక గుమ్మంలోంచి వచ్చారు. ప్రొఫెసరుగారూ అలాగే వచ్చి, కుడివైపు తిరిగి, చకచకా నడిచి, ఎలుకల బోనుల ముందు కూర్చోబోయారు. అక్కడ కుర్చీ లేదు. దీవెన పట్టుకోకపోతే పడిపోయేవారే. ముందు గుమ్మంలోంచి వస్తే కుడివైపు, బీరువా చాటున ఉంటుంది ఆయన కుర్చీ.

"పండగ హడావిడి సార్," అని అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే నా అంచు పట్టుకున్నారు.

అందరూ ప్రసాదం తిని వెళ్లాక దీవెనను ఆపారు.

"దీవెనమ్మా, నాకు బయమేస్తంది. మొన్న రైతుబజారుకెళ్లొస్తూ మా వీధిలోనే మా ఇల్లు దొరక్క తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. నాకూ ఆ గానుగెద్దు పరీక్ష పెట్టు."

"అయ్యో, మీరు ఎలుకా సార్?"

"అదే తేలాలి కదా! ఇయాళంటే పండగ కంగారనుకోవచ్చు. కొన్నాళ్లాగి, నాకు చెప్పకుండా, వెనక గుమ్మంలోంచి తీసుకురా. నేను తప్పితే మాత్రం నా చేతికి మళ్లీ కత్తి ఇయ్యకు. ఆ ఎలుకలూ పేణమున్నయ్యే. మాటియ్యి."

ఇచ్చింది. ఇచ్చిందే గానీ, చెయ్యడానికి మనసొప్పక రోజులు నెట్టింది. ఆయన రోజూ ముందు గుమ్మంలోంచి వచ్చి, కుడివైపు తిరిగి, హాయిగా కుర్చీలో కూర్చునేవారు. పాఠం చెబితే అక్షరం తప్పేది కాదు. "సారు నిక్షేపంలా ఉన్నారు," అనుకున్నారు అందరూ. ఆయన అంత చక్కగా కుర్చీ చేరిన ప్రతిసారీ నాకు గుబులు పెరిగేది. గానుగెద్దును ఎన్నిసార్లు చూశాను నేను!

ఒకరోజు, అప్పటికే ఆపరేషను చేసి కుట్లు వేసిన ఎలుకనే తెచ్చి, దానికి మళ్లీ మత్తిమ్మన్నారు. దీవెన దాన్ని ఒళ్లోకి లాక్కుంది. మర్నాడు పొద్దున ఆయనకు మెట్లమీదే ఎదురెళ్లింది.

"ముందు గుమ్మం తాళం పట్టేసింది సార్. వెనకనుంచి వెళ్దాం."

"అలాగే పద," అన్నారు. పరీక్ష సంగతి ఆయనకు గుర్తే లేదు.

లోపలికి రాగానే కుడివైపు తిరిగారు. బోనులు. నిలబడిపోయారు. ఇటు చూశారు, అటు చూశారు. చెయ్యి నా అంచుకు తగిలింది. దాన్ని పట్టుకుని నడక మొదలుపెట్టారు. బీరువా దాటారు, కిటికీ దాటారు, మళ్లీ బోనుల దగ్గరికే వచ్చారు. మళ్లీ బయల్దేరారు. ఆ అరచేతి చెమట నా అంచంతా అంటుకుంది. లోపల గోళ్లు, బయట వేళ్లు. నాకు కాళ్లుంటే అక్కణ్ణుంచి పారిపోయేదాన్ని.

దీవెన కాసేపు చూసింది. ఇక చూడలేక వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని, బీరువా చాటుకు తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన చొక్కా జేబులోంచి కత్తుల పెట్టె తాళంచెవి తీసుకుంది. ఆయన కిటికీనీ, క్యాలెండరునీ ఒక్కొక్కటే చూసి, చివరకు ఆమె మొహం చూశారు.

"ఏటమ్మా, ఏడుస్తన్నావు? ఎలుక గాని పోయిందేటి?"

"లేదు సార్," అంది దీవెన. "పీట ఎక్కించాను."