అష్షూరుకు ఒక పచ్చి ఇటుక

అబద్ధం చెప్పే డ్యూటీ కూడా లింగన్నకే పడింది.

దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఆ ఇంటికి డ్రైవరుగా వచ్చి తొమ్మిదేళ్ళు. యజమాని డాక్టర్ యూనిస్, ఇరాక్ మనిషి. ఆయన తండ్రిని ఇంటిల్లిపాదీ హజ్జీ అంటారు. ఎనభై దగ్గరపడ్డాయి. చూపు మసక, గుండె బలహీనం, ఒక్కోనాడు తాను దోహాలో ఉన్న సంగతే మరిచిపోతాడు. కానీ ఒక్కటి మాత్రం మరవడు. "అష్షూరు చూడాలి. నీళ్ళు రాకముందే చూడాలి." పొద్దున లేస్తే ఇదే పోరు.

అష్షూరంటే ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున వేల ఏళ్ళ కిందటి రాజధాని. ఇప్పుడు మట్టిదిబ్బలు. ఆ దిబ్బల పక్క ఊళ్ళోనే హజ్జీ పుట్టాడు. ఆ ఊరివాళ్ళ బతుకే ఆ దిబ్బల తవ్వకం. తాత తవ్వాడు, తండ్రి తవ్వాడు, తను నలభై ఏళ్ళు తవ్వాడు. మట్టిలో కలిసిపోయిన మట్టిగోడను చిన్న గునపంతో తట్టి, చప్పుడు విని, ఇది గోడ, ఇది ఉత్త మన్ను అని తేల్చే చెయ్యి అది. పుస్తకాలు రాసింది ప్రొఫెసర్లు. ఆ పుస్తకాల్లో హజ్జీ పేరు లేదు. ఎందుకుంటుంది?

ఆ నది మీద ఇప్పుడు ఆనకట్ట అంటున్నారు. కడతామని ఒకసారి, ఆపామని ఒకసారి. కడితే అష్షూరుకు నీళ్ళ గండం. టీవీలో నది పేరు వినబడితే చాలు, ముసలాయన చేతిలో టీ చల్లారిపోతుంది.

విమానం ఎక్కితే గుండె ఆగిపోతుందని కొడుకు భయం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఖతర్ ఉత్తరాన సముద్రం పక్కన జుబారా అనే పాడుబడ్డ పట్నం ఉంది.

"శుక్రవారం బాబాను అక్కడికి తీసుకుపో. అటూ ఇటూ చాలాసేపు తిప్పి, ఇదే అష్షూరు అని చెప్పు. ఆయనకు కనపడదుగా."

"సార్, అది రాతి ఊరు. హజ్జీది మట్టి ఊరు. చెయ్యి పెడితే కనుక్కుంటాడు సార్," అన్నాడు లింగన్న తనకొచ్చిన హిందీలో.

"నువ్వు బండి నడుపు లింగన్నా. మట్టీ రాయీ నేను చూసుకుంటా."

కాదనొచ్చు. కాదన్న డ్రైవరు మళ్ళీ శుక్రవారానికి ఆ ఇంట్లో ఉండడు, అంతే. యజమాని ఒప్పుకోనిదే పని మారకూడదన్న చట్టాలు మారాయంటారు. మారిన చట్టాన్ని వంటింటి వెనక పనివాళ్ళ గదులకు తెచ్చి చదివి వినిపించినవాడు ఇంతవరకూ లేడు.

లింగన్నకు మట్టి సంగతి తెలుసు. కడప జిల్లాలో వాళ్ళ నాయన మట్టిగోడలు పెట్టేవాడు. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయరు కింద ఉంది. నీళ్ళు వదిలిన పూట లింగన్న ఇక్కడ డాక్టరు పిల్లలను బడి దగ్గర దించుతున్నాడు. సొంత ఇల్లు పోవడం ఫోన్లో చూశాడు. భార్య గంగులమ్మ వీడియో తీసి పంపింది. "ఇదో సూడు, మన మిద్దె. రాతిగోడలోల్లవి నిలబడుండాయి. మనది మూడోనాటికే కరిగిపాయ." అంతే, ఏడవలేదు కూడా.

ముసలాయన చేతికి రాయి తగిలి గుండె పగలకూడదని లింగన్న తనకు తోచిన పని చేశాడు. పెరట్లో మొక్కల మట్టి తీసి, కోసిన పచ్చిక కలిపి తొక్కి, ఒక పచ్చి ఇటుక పోశాడు. వంటామె రమీజాది రాయచోటి. కిటికీలోంచి చూసింది.

"ఏంది లింగన్నా, షావుకారు పెరట్లో ఇల్లు గడతాండావా?"

"కడతాండా. నీకూ ఒక గది ఇస్తాలేమ్మే."

"కిటికీ పెట్టు నాయనా. ఇప్పుడుండే గదికి అది ల్యాదు."

ఇటుక మూడు రోజులు ఎండింది. శుక్రవారం దాన్ని సంచిలో పెట్టుకుని బండి తీశాడు. గంటన్నర దారిని నాలుగు గంటలు తిప్పాడు. వెనక సీట్లో హజ్జీ శుభ్రమైన తెల్లబట్టలతో, పెళ్ళికి పోతున్నవాడిలా కూర్చున్నాడు.

జుబారాలో గాలి. మోకాలెత్తు గోడలు, అవతల సముద్రం. లింగన్న ఆయన చెయ్యి పట్టుకుని నడిపించాడు.

"వచ్చేశాం హజ్జీ. అష్షూరు."

ముసలాయన గాలి పీల్చాడు. నది వాసన కాదు, ఉప్పు. గోడ కోసం చెయ్యి చాపాడు. లింగన్న గబుక్కున సంచిలోంచి ఇటుక తీసి ఆ చేతిలో పెట్టాడు.

"గోడలోంచి ఊడి పడింది హజ్జీ."

హజ్జీ బొటనవేలితో ఇటుక అంచు నొక్కాడు. పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చిక వాసన ఇంకా పోలేదు, ఆ సంగతి ఇప్పుడే తట్టింది లింగన్న వెధవ బుర్రకు.

"ఎన్ని రోజులైంది పోసి?" అన్నాడు హజ్జీ. వాళ్ళిద్దరి భాష సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు.

లింగన్న తలొంచుకున్నాడు. "మూడు రోజులు."

"గడ్డి నానబెట్టలేదు. తరగలేదు. అందుకే పగులుతోంది." కోపం లేదు ఆ గొంతులో. వంగి పక్కనున్న అసలు గోడను తడిమాడు. రాయి, సున్నం. "యూనిస్ పంపాడా?"

"అవును హజ్జీ. మాఫీ చెయ్యి."

ముసలాయన గోడ మీద కూర్చున్నాడు. ఇటుక ఒళ్ళో ఉంది. "మట్టిపని ఎక్కడ నేర్చుకున్నావు?"

లింగన్న చెప్పాడు. నాయన సంగతి, ఊరి సంగతి, రిజర్వాయరు సంగతి. చెప్పకుండా ఉండాల్సింది. హజ్జీ మసక కళ్ళు అతని వైపే తిరిగి ఉన్నాయి.

"నీళ్ళు వచ్చాక మట్టిగోడ ఎన్నాళ్ళు నిలిచింది?"

పొద్దుటినుంచి ఇన్ని అబద్ధాలు ఆడిన నోటికి ఇంకొకటి బరువు కాదు. చాలా కాలం అనొచ్చు. ఏళ్ళు అనొచ్చు. కానీ లింగన్న ముసలాయన అరచేయి తీసుకుని, అందులో మూడు వేళ్ళు పెట్టాడు.

"మూడేళ్ళా?"

"కాదు."

హజ్జీ ఆ మూడు వేళ్ళనూ చాలాసేపు వదల్లేదు.

ఫోను మోగింది. డాక్టరు. "ఏం లింగన్నా, బాబా ఖుష్‌గా ఉన్నాడా?" లింగన్న జవాబిచ్చేలోపే హజ్జీ చెయ్యి చాచి ఫోను లాక్కున్నాడు.

"చూశాను నాయనా. అష్షూరే. గోడలన్నీ ఉన్నాయి. నీళ్ళు రాలేదు. డ్రైవరు బాగా చూపించాడు."

ఫోను మళ్ళీ లింగన్న చెవికి వచ్చేసరికి డాక్టరు గొంతు పొంగిపోతోంది. "చూశావా? నేను చెప్పలేదూ? ఇకనుంచి ప్రతి శుక్రవారం తీసుకుపో. ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఉండనీ."

"సరే సార్."

ఇంకేమంటాడు? నిజం చెబితే కొడుకుతో తండ్రి ఆడిన అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ప్రతి వారం ఇదే దారి, ఇదే ఉప్పుగాలి, ఇదే రాయి.

బండి ఎక్కించి బెల్టు పెడుతుంటే హజ్జీ అన్నాడు, "ఈసారి గడ్డి ముందే నానబెట్టు. సన్నగా తరుగు."

"సరే హజ్జీ."

"యల్లా, పద."

దోహా దారి పట్టాక అద్దంలోకి చూశాడు. ముసలాయన ఇటుకను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. బండి కుదిపినప్పుడల్లా కొంచెం కొంచెంగా రాలుతోంది. ఇల్లు చేరగానే సీటు దులపాలి. లేకపోతే డాక్టరుగారి మేడం అరుస్తుంది.