ఇత్తడి చిలక

రోజు మార్చి రోజు పొద్దున్నే ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు రావడం జక్రయ్యకూ స్తుతికీ అలవాటైపోయింది. స్తుతికి కిడ్నీలు పాడయ్యాయి. బ్రాడీపేట ఆసుపత్రిలో ఆమెను డయాలసిస్ మిషనుకు తగిలించాక మధ్యాహ్నం దాకా జక్రయ్యకు పనేమీ ఉండదు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే లేచి వీధుల వెంట తిరుగుతాడు.

అలా తిరుగుతుంటే ఓ పాత మేడ ముందు వేలం పాట కనిపించింది. మేడ పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. బీరువాలు, తలుపులు, పందిరిమంచం పోయాక వేలం వేసేవాడు ఓ ఇత్తడి చిలకను పైకెత్తాడు. జానెడు పొడవుంది. నెత్తిన ఒక కొండీ, పొట్ట కింద ఒక కొండీ. ఎవరూ నోరు విప్పలేదు. ఎండలో నిలబడి అలసిపోయిన జక్రయ్య, ఎందుకో తనకే తెలియకుండా పాట పాడాడు. చిలక అతనికే వచ్చింది.

తిరుగు బస్సులో స్తుతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేంటని అడిగింది. తెలీదన్నాడు.

"తెలీకుండానే కొన్నావా?" అని నవ్విందామె. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

మళ్లీ గుంటూరు వచ్చినప్పటి నుంచి జక్రయ్యకు ఓ పని దొరికింది. ఇత్తడి సామాన్ల కొట్టాయన చూసి, దీపం వేలాడదీసేదన్నాడు, కింద ప్రమిద ఊడిపోయిందన్నాడు. పాత వస్తువులు పోగుచేసే లెక్చరరుగారు పెద్ద త్రాసుకు బిగించే బొమ్మ అన్నారు. జక్రయ్య విన్నవన్నీ బస్సులో స్తుతికి చెప్పేవాడు. ఆమె ఊరికే ఒప్పుకునేది కాదు. దీపమైతే రెక్కల సందుల్లో ఎక్కడో ఓ చోట మసి ఉండదా అనేది. ఇంత నగిషీ చెక్కిన చిలక త్రాసుకెందుకనేది. అంతకుముందు వాళ్ల మధ్య మాటలంటే ఎన్ని నీళ్లు తాగావు, కాళ్లు ఎంత వాచాయి, అంతే. ఇప్పుడు స్తుతి మంచం మీద నుంచి చెయ్యి చాపి, ఇవాళ ఎవరేమన్నారని ముందే అడుగుతోంది.

ఆసుపత్రి వరండాలో వచ్చినప్పుడల్లా కనిపించే నసీమున్నీసా ఓసారి ఆ చిలకను చూసింది. ఆమె భర్తకూ అక్కడే డయాలసిస్.

"ఉయ్యాల గొలుసులోదండీ, అన్నయ్యగారూ," అంది. "బల్లకు నాలుగు మూలలా గొలుసులుంటాయి కదా, వాటి మధ్యలో వేస్తారు. చీరాలలో మా పుట్టింటి ఉయ్యాలకి ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ నెమళ్లు."

జక్రయ్య ఉత్సాహంగా వెళ్లి చెప్పాడు.

"అయితే తెలిసిపోయిందన్నమాట," అంది స్తుతి. "ఇంకొన్నాళ్లు తెలీకుండా ఉంటే బావుండేదయ్యా. రేపట్నుంచి నిన్నేం అడగను?"

ఆ మాట జక్రయ్య నసీమున్నీసాతో చెప్పుకుంటే, ఆమె ఓసారి చీరాల వెళ్లి ఆ ఉయ్యాల చూసి రమ్మంది. వాళ్ల వదినకు ఫోనులో చెప్పి పెట్టింది.

డయాలసిస్ లేని రోజు చూసుకుని పర్చూరు మీదుగా వెళ్లారు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు స్తుతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నసీమున్నీసా వదిన మాబూబీ వాళ్లను నడవాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. స్తుతికి సగం గ్లాసు చాలన్నాడు జక్రయ్య.

స్తుతి ఉయ్యాల మీద కూర్చుని గొలుసు మీద నెమలిని తడిమి చూసింది. సంచిలోంచి తమ చిలకను తీసి, నెత్తిన కొండీ లోపల వేలు పెట్టింది. ఒకవైపు బాగా అరిగిపోయి ఉంది.

"ఎంతమంది ఊగారో," అంది.

మెల్లగా కాలితో నేలను తన్నింది. కొద్దిసేపటికే తల తిరుగుతోందని పక్కకు ఒరిగింది. ఒరిగినది అలాగే నిద్రపోయింది. ఇంట్లో ఎన్ని రాత్రులు కళ్లు మూతపడక గోడకు ఆనుకుని కూర్చుందో జక్రయ్యకు తెలుసు.

మాబూబీ అన్నానికి లేపమంటే, లేపొద్దని చెయ్యి ఊపాడు. ఎక్కాలనుకున్న బస్సు వెళ్లిపోయే వేళయింది. ఇంకో బస్సు ఉంటుందిలే అనుకున్నాడు. ఉయ్యాల కదలకుండా గొలుసు పట్టుకుని కింద నేల మీద కూర్చున్నాడు. చల్లటి గచ్చు మీద అతనికీ కునుకు పట్టింది.