ఉండి లేదనకూడదు

"ఇంకా ఆ గిన్నెలతోనే ఉన్నావా? వచ్చి ముక్కలు కలుపు" అని ముందుగదిలోంచి మా ఆయన కేకేశాడు.

ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో పేకాట. పందెం ఏమీ ఉండదు, ఇంటిల్లిపాదీ సరదాగా ఆడుకుంటామని అతను బస్సు డిపోలో గొప్పగా చెప్పుకుంటాడట. తినేది నలుగురం, తోమేది నేనొక్కదాన్ని, సరదా మాత్రం అందరిదీ. తడి చేతులతో వెళ్తే ముక్కలు పాడు చేశావని తిట్టు, తుడుచుకుంటూ నిలబడితే ఆలస్యం చేశావని తిట్టు. ఏ తిట్టు తినాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం నాకు పూర్తిగా ఉంది. ఆ రోజు ఆలస్యానికి పడే తిట్టునే ఎంచుకుని, చేతులు పొడిగా తుడుచుకుని వెళ్లి చాప మీద కూర్చున్నాను.

ఆట తెలియనివాళ్లకి చెప్తాను, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. యాభై రెండు ముక్కలూ నలుగురికీ పంచేయాలి, తలా పదమూడు. ఆఠీను ఏడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు దాన్ని మధ్యలో పెట్టి మొదలుపెట్టాలి. తర్వాతివాళ్లు దాని పక్కన ఆరో ఎనిమిదో చేర్చాలి, లేదా ఇంకో రంగు ఏడు దింపాలి. కిందికి ఆసు దాకా, పైకి రాజు దాకా. వరస తప్పకూడదు. వేయడానికి ముక్క లేకపోతే "లేదు" అనాలి. ఎవరి చెయ్యి ముందు ఖాళీ అయితే వాళ్లు గెలిచినట్టు. ఇంతే. కాకపోతే ఒక్క కట్టుబాటుంది: ఉండి లేదనకూడదు. ఆ మాట అతను ప్రతి ఆట ముందూ చెప్తాడు, వేలు చూపించి మరీ. అతని ఉద్యోగం బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం. వారమంతా బస్సుల్లో దొంగల్ని పట్టుకుని ఆదివారం ఇంట్లో వెతుకుతాడు. ఆట అయ్యాక అందరి చేతుల్లో మిగిలిన ముక్కలు తిరగేసి చూస్తాడు. ఏ వరసలో ఏది ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకునే ఓపిక మాత్రం లేదు, అందుకే పదకొండేళ్లుగా ఒక్కసారీ ఎవర్నీ పట్టుకోలేదు.

నాకు ఆ ఓపిక ఉంది. నేను పుస్తకాలు కుట్టే బైండింగ్ షాపులో పని చేస్తాను. పొడుగాటి బల్ల మీద ఫారాలు, అంటే అచ్చయి మడతపెట్టిన కాగితాలు, నంబర్ల వారీగా దొంతర్లు పెట్టి ఉంటాయి, ఒకటి నుంచి ఇరవై రెండు దాకా. బల్ల చుట్టూ తిరుగుతూ దొంతరకొకటి తీసి వరసలో చేర్చాలి. ఒక్క నంబరు తప్పిందంటే పుస్తకమంతా చెత్తబుట్టకే. రోజుకి ఆరేడు వందల చుట్లు తిరుగుతాను. ఏది తక్కువైందో కళ్లకంటే ముందు వేళ్లకి తెలిసిపోతుంది. అలాంటిదానికి యాభై రెండు ముక్కలొక లెక్కా? సగం ఆటకల్లా ఎవరి చేతిలో ఏముందో చదివేస్తాను. ఆ ఇంట్లో నన్ను మించిన ఆటగత్తె లేదు. పదకొండేళ్లలో నేను గెలిచింది ఒక్క ఆట.

పెళ్లయిన మూడో నెల అది. కొత్త పెళ్లికూతుర్ని, మొగుడి పక్కన కూర్చుని ఆడుతున్నానన్న మురిపెం. చివరి ముక్క వేసి చప్పట్లు కొట్టాను. "ఓడిపోయారుగా!" అని నవ్వాను కూడా, సిగ్గులేనిదాన్ని. అతనూ నవ్వాడు. నవ్వుతూనే నా ఎడమ చెయ్యి పట్టుకుని, "ఈ వేళ్లేనా నన్ను ఓడించింది?" అని ఉంగరం వేలు వెనక్కి విరిచాడు. మా అత్తగారు మంచినీళ్లు తెచ్చిచ్చింది. "వాడు చిన్నప్పట్నించీ అంతే, ఓడితే తట్టుకోలేడు. నువ్వైనా చూసుకుని ఆడాలి కదమ్మా" అంది. తప్పు నాదేనని నాకూ అనిపించిందంటే నమ్మండి! ఆస్పత్రిలో నర్సు అడిగింది, "ఎవరైనా కొట్టారా?" అని. "లేదు, షాపులో మిషన్లో పడింది" అన్నాను. షాపువాళ్లతో ఇంట్లో తలుపు సందులో పడిందన్నాను. ఏ అబద్ధం ఎక్కడ చెప్పానో అది కూడా వరస తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. వేలు వంకరగానే అతుక్కుంది. "వంకర వేలితో కుట్టుపనేం చేస్తావ్, ఫారాలు ఏరుకో" అని ఓనరు నన్ను సూది దగ్గర్నుంచి లేపేశాడు. కుట్టుపనంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పట్నుంచీ గెలవకుండా ఆడటం నేర్చుకున్నాను. గెలవడం కంటే అది వంద రెట్లు కష్టం. అతనికి దారి తెరిచే ముక్క ముందు వేయాలి, నాకు పనికొచ్చేది దాచాలి, చేతిలో ఉండి లేదనాలి, అనేటప్పుడు మొహం మామూలుగా పెట్టాలి. మా అత్తగారూ అంతే. ఆవిడ నాకంటే పాత ఆటగత్తె. ఆవిడకి ఎడమ చెవి వినపడదు. ఎందుకని ఒకసారి అడిగితే, "మీ మామగారు గొప్పగా ఆడేవారు" అని ఊరుకుంది. ఇన్ని జాగ్రత్తలు పడినా దెబ్బలు తప్పాయా అంటే, తప్పలేదు. ముక్కలు బాగోకపోతే ఒకటి, టీ చల్లారితే ఒకటి, డిపోలో ఎవరో ఏదో అంటే రెండు. షాపులో కాగితం కోసే మిషనుంది. జానెడు ఎత్తు దొంతరని ఒక్క వేటుకి తెగ్గోస్తుంది. ఎన్ని మధ్యాహ్నాలు దాని ముందు నిలబడి, మనసులో అతని చెయ్యి ఆ కత్తి కింద పెట్టానో! మణికట్టు దగ్గరా, ఇంకాస్త పైనా అని కొలతలు కూడా చూసుకునేదాన్ని. తర్వాత ఇంటికెళ్లి ఆ చేతికే టీ అందించేదాన్ని.

ఆ ఆదివారం మా బుడ్డది నాలుగో చెయ్యిగా కూర్చుంది. తొమ్మిదేళ్లది, కూర్చోవడం అప్పటికి ఆరేడు నెలలై ఉంటుంది. పొద్దున జడ వేస్తుంటే, "అమ్మా, నేను ఎప్పటికైనా గెలుస్తానా?" అని అడిగింది. దువ్వెన చేతిలో ఆగిపోయింది. "ఎందుకు గెలవవే" అన్నాను. రిబ్బను బిగించి ముడేశాను.

అతను హుషారుగానే ఉన్నాడు. "ఏం బుడ్డీ, ఇవాళ ఎన్ని లేదులు?" అని దాన్ని ఆటపట్టిస్తున్నాడు. నా తర్వాత బుడ్డది, దాని తర్వాత అతను, ఆ తర్వాత అత్తగారు. ముక్కలు తరిగిపోతూ వచ్చాయి. బుడ్డది చివరి ముక్క ఒక్కటి పట్టుకుని కూర్చుంది. నాకు తెలుసు, అది కళావరు రాజు. నా చేతిలో కళావరు రాణి ఉంది. రాణి పడితే తప్ప దాని రాజు పడదు. రెండు చుట్లుగా వేరే ముక్కలు వేస్తూ రాణిని ఆపుకుంటున్నాను. అతను డైమన్ మూడు వేశాడు. చేతిలో మిగిలింది ఒక్కటే, డైమన్ రెండు; వచ్చే చుట్టులో అతనిదే గెలుపు. మళ్లీ నా వంతు వచ్చింది.

బుడ్డది ఆ ఒక్క ముక్కనీ రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. దాని మొహం చూశాను. నాకేమైందో తెలీదు. తన కూతురే కదా, గెలిస్తే మురిసిపోతాడేమో, ఎత్తుకుని తిప్పుతాడేమో అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి. రాణిని తీసి పన్నెండో స్థానంలో పెట్టాను. పదకొండేళ్లలో మొదటిసారి అతనికి కాకుండా ఇంకొకరికి గెలిచే దారి తెరిచాను.

బుడ్డది రాణిని చూసింది. తన ముక్కని చూసుకుంది. తర్వాత నా ఎడమ చెయ్యి వైపు, ముక్కల వెనకనుంచి వంకరగా బయటికొచ్చిన నా వేలి వైపు చూసింది.

"లేదు" అంది.

మొహం మామూలుగా పెట్టింది. అచ్చం నాలాగే. నేనెప్పుడూ నేర్పలేదు, ఒట్టు. అది పక్కన కూర్చుని నేర్చుకుంది. అంతవరకు నేను తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

"అయితే ఆట నాదే!" అని అతను డైమన్ రెండు చాప మీద కొట్టి, తొడ చరుచుకున్నాడు. ఎప్పటిలాగే తనిఖీ మొదలుపెట్టాడు. మా అత్తగారివి చూశాడు, నావి చూశాడు. బుడ్డదాని చేతిలోది లాగి తిరగేశాడు.

"ఏంటిది?"

"కళావరు రాజు" అంది బుడ్డది, చిన్న గొంతుతో.

"రాణి ఇక్కడే ఏడ్చింది కదా. ఇప్పుడే కదా మీ అమ్మ వేసింది?"

అప్పుడే పడిన ముక్క కాబట్టి, ఆ ఒక్కటీ గుర్తుంది. విషయం అతని తలకెక్కడం నాకు కనిపిస్తూనే ఉంది, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నన్ను గెలిపించావా? బొడ్డూడనిదానివి, నువ్వు నాకు దానం చేశావా? ఉండి లేదంటావా?" అంటూ దాని చెయ్యి పట్టుకున్నాడు. అతని దగ్గరున్న రాజుని అది వెంటనే రెండో చేత్తో లాక్కుని గుప్పిట మూసింది. "ఏ వేలే? ఏ వేలితో దాచావే?" అని చూపుడు వేలు వెనక్కి విరిచాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు.

తర్వాత జరిగింది నేను చేసిందే, కానీ ఆలోచించి చేసింది కాదు. వంగి అతని చెయ్యి కొరికాను. బొటనవేలి కింద కండ ఉంటుందే, అక్కడ, పళ్లు దిగి ఇంకా దిగేదాకా. అతను బుడ్డదాన్ని వదిలేసి నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లో రక్తం, సగం అతనిది, సగం నాది. ఊశాను. ఎన్నడూ "మీరు" తప్ప అనని నోటితో, "అది చేసింది ఒక్క ఆట. పదకొండేళ్లుగా గెలిపిస్తోంది నేను. నీ అంతట నువ్వు ఒక్క ఆట గెలవలేదు, తెలుసా? ఒక్కటంటే ఒక్కటి!" అని అరిచాను. మళ్లీ తల గోడకేసి కొట్టాడు. మళ్లీ అరిచాను. చంపేస్తాడనే అనుకున్నాను. అయినా ఆ మాట చెప్పినందుకు ప్రాణం హాయిగా ఉంది, అబద్ధమెందుకు.

మూడోసారి తల గోడకి తగల్లేదు. మా అత్తగారు తను కూర్చున్న చెక్క పీట రెండు చేతులతో ఎత్తి కొడుకు మోచేతి మీద వేసింది. అతను కేక పెట్టి నా జుట్టు వదిలేశాడు. "పిల్లని తీసుకుని పోవే" అంది ఆవిడ, మామూలు గొంతుతో. నేను బుడ్డదాన్ని చంకనేసుకుని వీధి గుమ్మం దాటాను. వెనకే ఆవిడా బయటికొచ్చి, తలుపు లాగి బయటి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. లోపల్నుంచి తలుపు బద్దలయ్యేలా కొడుతున్నాడు, "అమ్మా, తియ్యి! తీస్తావా లేదా!" అని అరుస్తున్నాడు. ఆవిడ వినపడని చెవి తలుపు వైపు తిప్పుకుంది.

"మీరూ రండి అత్తయ్యా."

"నేనొస్తే గడియ ఎవరు చూస్తారే? ఎదురింటివాళ్లంతా బయటికొస్తున్నారులే, నన్నేం చెయ్యడు. నువ్వు నడువు."

ఆస్పత్రి రెండు వీధుల అవతల. బుడ్డది చెయ్యి గుండెకి ఆనించుకుని దారంతా ఏడవలేదు. మలుపు తిరిగాక అడిగాను, "ఎందుకే లేదన్నావ్? గెలవాలని నీకు అంత ఉంది కదా?"

"నేను గెలిస్తే నీ ఇంకో వేలు విరుస్తాడని" అంది. "నీ వేలు ఎలా విరిగిందో నానమ్మ చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది."

రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. దాన్ని కాపాడుకుంటున్నానని నేననుకుంటున్నాను, అది కూర్చుని నన్ను కాపాడుతోంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

దెబ్బల గదిలో నర్సు వేరే మనిషి, పదకొండేళ్ల కిందటి ఆవిడ కాదు. గది మాత్రం అదే, గోడకి ఆకుపచ్చ రంగు, మూల అదే రేకు బల్ల. బుడ్డదాని వేలు కదిపి చూసి, నా నుదుటి మీద బొప్పి చూసి, కాగితం ముందుకి జరుపుకుంది.

"ఎలా తగిలింది పాపా?"

"ఆడుకుంటుంటే పడ్డాను ఆంటీ."

"ఎవరైనా కొట్టారా?"

బుడ్డది నా వైపు చూసింది. రెండో గుప్పిట్లో కళావరు రాజు అంచు నలిగి కనిపిస్తోంది, వదలనేలేదు. నా కళ్లలోకి చూస్తూనే మొహం మామూలుగా పెట్టుకుంది. "లేదు" అనడానికి నోరు తెరిచింది. దాని నోటి మీద నా చెయ్యి పెట్టాను, వంకర వేలున్న చెయ్యి.

"ఉండి లేదనకూడదు తల్లీ" అన్నాను. నర్సు వైపు తిరిగాను. "కొట్టాడమ్మా. వాళ్ల నాన్న. దీన్ని ఇవాళే, నన్ను పదకొండేళ్లుగా. పోలీసులు కూడా వినాలంటే పిలిపించండి, వాళ్లకీ చెప్తాను."

ఆవిడ పెన్ను పట్టుకుని, "ఇవాళ జరిగింది చెప్పమ్మా" అంది.

"లేదమ్మా, అలా అయితే మధ్యలో నంబర్లు పోతాయి. వరసగా చెప్తాను, ఇంకో కాగితం కూడా దగ్గర పెట్టుకోండి" అన్నాను. ఎడమ చెయ్యి తీసి బల్ల మీద, దీపం వెలుగులో పెట్టాను.

"మొదటిది, నేను ఆట గెలిచిన రోజు."