గాలి రూపం

టైలర్ మేస్త్రి పొద్దున్నే స్టూడియోలోని కుట్టుగది షట్టర్ ఎత్తి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు టీ తాగేసి, రెండు డ్రెస్సులనూ పక్కపక్కన కొయ్యబొమ్మలకు తొడిగాడు. అక్కడ తీస్తున్న పిల్లల సీరియల్లో ముసుగు హీరో ఆపద రాగానే రూపం మారుస్తాడు. కొత్త రూపం రాయా, గాలా అన్నది డైరెక్టరు ఇవాళ తేల్చేస్తానన్నాడు.

మేస్త్రి కుట్టింది తొడుక్కుంటే ఒళ్ళు కూడా ఆ రూపానికి తగ్గట్టే మారిపోయేది. స్టూడియోలో అది అందరికీ అలవాటే. రాతి డ్రెస్సు ట్రయల్ ఉందంటే చాలు, టైల్స్ పగులుతాయని మేనేజరు ముందే పరుపులు వేయించేవాడు.

రాతి రూపం వేసేది వస్తాదని పిలిచే ఫైటరు. గాలి రూపం మేస్త్రి కూతురిది. పోయినేడు షూటింగులో నిచ్చెన మీంచి పడి ఆ పిల్లకు భుజం ఎముక విరిగింది. అప్పట్నుంచీ మేస్త్రికి కంటిమీద కునుకు లేదు. రాయి నెగ్గితే కూతురికి ఇక్కడ పని ఉండదు. తెలిసినవాళ్ళ బట్టల షాపులో ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టాడు.

ముందు వస్తాదు రాతి డ్రెస్సు తొడుక్కుని వచ్చాడు. అడుగు వేస్తే కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"దిట్టంగానే ఉంది. కానీ ఆ భుజాల కొమ్ములు గుమ్మంలో పట్టవు మేస్త్రీ," అన్నాడు డైరెక్టరు.

తర్వాత కూతురు వచ్చింది. లేత నీలం బట్ట, పొడుగాటి అంచులు, ఇంకే హంగూ లేదు.

"ఇది పైకి లేస్తేనే అందం. ఏదీ, లే అమ్మా," అన్నాడు డైరెక్టరు.

జానెడు లేచి ఆగిపోయింది. మళ్ళీ లేవబోయి కిందికి జారింది. డైరెక్టరు మొహం చిన్నబోయింది.

ఆ పిల్ల వంగి అంచు తడిమింది. లోపల సీసపు గుండ్లు తగిలాయి. ఆ కుట్టు ఎవరిదో అడగక్కర్లేదు. నలుగురిలో ఏమీ అనకుండా తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, అంచు బరువుగా ఉంది."

"బట్ట నిలువుగా జారుతుందని..."

"నాన్నా."

మేస్త్రి తల దించుకున్నాడు. "మళ్ళీ పడతావేమోనమ్మా."

"పడతానేమో. కానీ ఆ షాపులో కూర్చుంటే రోజూ పడ్డట్టే ఉంటుంది నాకు."

మేస్త్రి కత్తెర తీసుకుని, మోకాళ్ళమీద కూర్చుని, కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. గుండ్లు నేలమీద దొర్లాయి. ఆఖరి కుట్టు తెగగానే కూతురి పాదాలు అతని కళ్ళముందు నుంచి పైకి వెళ్ళిపోయాయి.

నీలం అంచులు గదంతా విచ్చుకున్నాయి. రాయిగా ఉన్న వస్తాదు కూడా "అబ్బ!" అన్నాడు.

"ఇదే," అన్నాడు డైరెక్టరు. "ఇక సీరియల్ అయ్యేదాకా ఇదే."

పైకప్పు దగ్గర్నుంచి కూతురి నవ్వు వినబడింది.

"నాన్నా! ఫ్యాను రెక్కల మీద బెత్తెడు దుమ్ముంది!"

"గుడ్డ అందిస్తానుండు, తుడిచెయ్," అన్నాడు మేస్త్రి. కిందికి దిగమని మాత్రం అనలేదు.