పేర్రాజుగారి కోళ్ళగూటి తలుపు

నేను ఒక తలుపుని. దానంతటదే తెరుచుకుని, దానంతటదే మూసుకునే రకం. ఒక రేకు పలక, దాన్ని పైకీ కిందికీ లాగే చిన్న బ్యాటరీ మోటారు, వెలుతురును పసిగట్టే గాజు కన్ను, ఇంతే నా ఒళ్ళు. తెల్లవారితే లేస్తాను, చీకటి పడితే దిగుతాను. ఒకసారి దిగానంటే ముంగిసే కాదు, మనిషి కూడా చేత్తో ఎత్తలేడు. ఫ్యాక్టరీవాళ్ళు దీన్ని నా గొప్పగుణంగా అట్టపెట్టె మీద అచ్చు వేశారు.

నన్ను కొన్నది తణుకులో బీమా ఏజెంటు పేర్రాజుగారు. ఆయన భార్య మంగతాయారు పెరట్లో కోళ్ళు పెంచుతుంది. ఇంటిపనుల్లో ఆయన వంతు ఒక్కటే: పొద్దున్న గూడు తెరవడం, సాయంత్రం మూయడం. అది తప్పించుకోవడానికి నన్ను తెచ్చారు.

తప్పించుకున్నారా అంటే, లేదు. అంతకుముందు చెక్క తలుపు లాగేసి చక్కా వెళ్ళిపోయేవారట. నేనొచ్చాక రోజూ సాయంత్రం నా ఎదురుగా కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టారు. పాలసీ కోసం వచ్చినవాళ్ళని కూడా పెరట్లోకి లాక్కొచ్చి, "చూశారా, వేలు కదపక్కర్లేదండీ!" అని మురిసిపోయేవారు.

"టిక్కెట్టు కూడా పెట్టండి, తలుపు మూసుకోవడం చూడ్డానికి" అనేది మంగతాయారు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశమంతా నల్లబడింది. నా కంటికి మబ్బుకీ రాత్రికీ తేడా తెలియదు. దిగిపోయాను. పిల్లలకోడి గింజల కోసం లోపలికి వచ్చి ఉంది. మొన్న మొన్ననే గుడ్లు పగిలి వచ్చిన దాని పిల్లలు మాత్రం బయటే ఉన్నాయి. వడగళ్ళు మొదలయ్యాయి. బెదిరిపోయిన పిల్లలు గూటి కింద సందులో దూరాయి. అందులోకి వాన నీళ్ళు చేరుతున్నాయి. లోపల తల్లి రెక్కలతో నన్ను కొడుతోంది.

మంగతాయారు తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. బురదలో బోర్లా పడుకుని సందులో చెయ్యి పెట్టింది. అందలేదు.

"తల్లి వచ్చి పిలిస్తేగాని ఇవి రావండీ. తలుపు తియ్యండి ముందు!"

"ఉండవే, ఫోన్లోంచి తీసేస్తాను" అన్నారు పేర్రాజుగారు, గొడుగు ఫోను మీదికి వంచి పట్టుకుని. కరెంటు పోయింది, దానితోపాటు ఇంటర్నెట్టూ పోయింది. ఫోన్లో గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది.

"అది తిరగడం అయ్యేలోపు పిల్లలు పోతాయండీ! ఆ ఫోను పారేసి ఓ చెయ్యి వెయ్యండి!"

"కంగారు పడకు, కలుస్తోంది, కలుస్తోంది..."

ఆమె పెరటి మూలకి పరిగెత్తింది. గునపం తెచ్చి నా కింద దూర్చి, ఒంటి బరువంతా వేసి లేపింది. నా మోటారు పళ్ళు విరిగాయి. తల్లికోడి బాణంలా బయటికొచ్చి సందు దగ్గర గొంతు చించుకుని పిలిచింది. పిల్లలు ఒక్కొక్కటే కాళ్ళీడ్చుకుంటూ వచ్చాయి. చివరి రెండూ రాలేదు. వాన వెలిశాక నీళ్ళు తోడి వాటిని బయటికి తీసి, అరచేతుల్లో పెట్టుకుని మంగతాయారు చాలాసేపు వెచ్చటి ఊపిరి ఊదింది. అవి కదల్లేదు.

ఇప్పుడు గూటికి చెక్క తలుపే ఉంది. నేను స్నానాలగది వెనక, పాత ఇనుప సామాన్ల మధ్య పడి ఉన్నాను. పేర్రాజుగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళని పెరట్లోకి లాక్కొస్తూనే ఉన్నారు. "యంత్రాల్ని నమ్మకూడదండీ. ఇదిగో, రెండు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది ఇదే" అని నన్ను వేలెత్తి చూపిస్తారు.

ఆ వేలు నాకు బాగా గుర్తు. పిల్లలు నీళ్ళలో మునుగుతున్నంతసేపూ అది ఫోను మీదే ఉంది.